సూసన్న అనని మాట

న్యూ సెటిల్‌మెంట్, ఖరగ్‌పూర్
24 సెప్టెంబరు 1961

తమ్ముడు విల్‌ఫ్రెడ్‌కి,

నువ్వు విశాఖపట్నం చేరినట్టు కార్డు అందినాది. మేము ఉన్నాము. ఎమిలీ బడికి పోతన్నాది. వాళ్ళ నాన్న తినే పళ్ళెం తనే కడిగి, గుడ్డతో తుడిచి, పై గూట్లో పెట్టేసింది. నేను చెప్పలేదు.

నువ్వున్నన్నాళ్ళూ నా చేత ఒక్క మాటైనా ఆడించాలని చూసినావు. నేను గోడకి తిరిగి కూకున్నాను. ఏటీ అనుకోకు. అప్పుడు నాకు నోరు రాలేదు.

ఒక సంగతి అడుగుతాను. మీ బావని సమాధి చేసిన నాటి నించి మా పొయ్యి వెలిగించింది భద్రయ్య పెళ్ళాం జోగమ్మే కదా, నువ్వూ చూసినావు. మీ బావ ఇంజను ఆగున్న వేగన్లని గుద్దినప్పుడు కేబిన్‌లో సిగ్నల్ డ్యూటీ భద్రయ్యదే. అయినా ఆ మనిషి మొహం చాటెయ్యకుండా వచ్చి, గంజి కాసి, నా నోట్లో పోసి మరీ పోయేది. అలాంటిది రావడం మానేసినాది. కొళాయి కాడ నన్ను చూసి, బిందె సగమైనా నిండకుండా ఎత్తుకుని వెళ్ళిపోయినాది. "జోగమ్మా" అని పిలిచినాను. తిరగలేదు. వాళ్ళ కిటికీ అద్దం ఎవరో రాయి పెట్టి కొట్టినారు. భద్రయ్యని డ్యూటీలోంచి తీసేసి ఎంక్వైరీ వేసినారు.

ఇంకో చిత్రం. మొన్న ఆదివారం చర్చి బయట సత్యవేదం అయ్యగారు నా చెయ్యి పట్టుకుని "మంచి ధైర్యంగా చెప్పావమ్మా" అన్నారు. ఖరిదా బజార్లో ముక్కూ మొహం తెలీని ఒకాయన దండం పెట్టినాడు. నేను ఎవరితో ఏటి చెప్పినాను? నువ్వు పేపరాఫీసులో ఉన్నోడివి, నీకేమైనా తెలిస్తే రాయి.

నీ అక్క,
సూసన్న


విశాఖపట్నం
2 అక్టోబరు 1961

అక్కకి,

నీ ఉత్తరం చూశాను. జనం మాటలు మనసులో పెట్టుకోకు. ఇంత ప్రమాదం జరిగినప్పుడు కోపం ఎవరో ఒకరి మీదకి మళ్ళుతుంది, కొన్నాళ్ళకి అదే చల్లారుతుంది. జోగమ్మకి నీ ఎదుట పడటానికి మొహం చెల్లక రావడం లేదేమో. అయ్యగారు నీ ఓర్పు చూసి అని ఉంటారు.

నాకు ఇక్కడ ఒక మేలు జరిగింది. ఇన్నాళ్ళూ ప్రూఫులు దిద్దేవాణ్ణి కదా, ఇప్పుడు వార్తలు రాసే బల్ల దగ్గరికి మార్చారు. ఎడిటరు గంగాధరరావుగారు అందరి ముందూ నా రాత మెచ్చుకున్నారు. బావ ఉంటే సంతోషించేవాడు.

ఎమిలీకి రెండు గౌనుగుడ్డలు పార్సిలు చేశాను. ఒంట్లో జాగ్రత్త.

అక్కడ తెలుగువాళ్ళ రీడింగు రూముకి మా పత్రిక వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

విల్‌ఫ్రెడ్


న్యూ సెటిల్‌మెంట్
11 అక్టోబరు 1961

విల్‌ఫ్రెడ్,

వస్తాది. మీ పత్రిక మా రీడింగు రూముకి వస్తాది.

మా వీధిలో అందరూ చదివినాక నేను చదివినాను. ఎమిలీ తెచ్చినాది. బళ్ళో పంతులమ్మ దాన్ని నిలబెట్టి క్లాసుకంతా చదివించిందట. "అమ్మా, నీ మాటలు అచ్చులో పడ్డాయి" అని మురిసిపోతా నా ఒళ్ళో పెట్టినాది.

నువ్వు రాసింది నీకు గుర్తుందో లేదో, మళ్ళీ రాస్తన్నాను. "కన్నీరింకిన ఆ ఇల్లాలు తమ్ముడి భుజం మీద వాలిపోయి, కేబిన్‌లో ఆ మనిషి కునుకు తియ్యకుండా ఉంటే నా పసుపు కుంకుమలు నిలిచేవి అని గుండెలు బాదుకుంది."

నేను నీ భుజం మీద ఎప్పుడు వాలినాను? ఎప్పుడు గుండెలు బాదుకున్నాను? మనం పసుపు కుంకుమలు పెట్టుకునే వాళ్ళమా విల్‌ఫ్రెడ్? నీ అక్క అలాగ మాటాడదని చెయ్యి రాస్తున్నప్పుడైనా నీకు తోచలేదా?

జోగమ్మ ఇంటికి వెళ్ళినాను. తలుపు సగం తెరిచి నిలబడింది.

"అప్పా, తోడబుట్టిందానివనుకుని నీ కాళ్ళకాడ కూకుని నీకు గంజి తాగించినాను. మా ఆయన నిద్దరపోయినాడని నీకు అనిపిస్తే నా మొహం మీద అనాల. నాకు సెప్పకుండా పేపరోడికి సెప్పినావా?" అన్నాది.

నేను చెప్పలేదు అనాలి. కానీ అంటే, మరెవరు చెప్పినారు అంటాది. నా తమ్ముడే అల్లినాడు అని ఆ గుమ్మంలో నిలబడి చెప్పడానికి నాకు సిగ్గేసింది. నేను నోరు తెరిచేలోగా తలుపేసుకుంది.

నువ్వు ఏటి చేస్తావో చెయ్యి. ఆ మాట నాది కాదని అదే పేపర్లో, అదే చోట వెయ్యి.

సూసన్న


విశాఖపట్నం
20 అక్టోబరు 1961

అక్కకి,

నన్ను తిట్టు. నీ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

జరిగింది చెబుతాను. నేను తిరిగొచ్చి ఆఫీసులో అడుగు పెట్టగానే గంగాధరరావుగారు పిలిచారు. "నువ్వక్కడే ఉన్నావు కదయ్యా, మీ అక్కగారు ఏమన్నారు?" అన్నారు. ఏమీ అనలేదండీ అన్నాను. "ఏమీ అనకుండా ఎవరుంటారు? నీకు రాయడం చేతకావడం లేదంతే" అన్నారు. నాలుగేళ్ళుగా ప్రూఫులు దిద్దుతున్నాను అక్కా. ఆ మాట తగిలింది.

బండెక్కే ముందు స్టేషను బయట చాయ్ దుకాణంలో ఎవరో అనుకుంటుంటే విన్నాను, కేబిన్‌లో వాడు నిద్రపోయుంటాడని. ఎవరన్నారో కూడా చూడలేదు. ఆ మాట తీసుకొచ్చి నీ నోట్లో పెట్టాను. ఎవరో అన్నారు అని రాస్తే వార్త కాదు, నువ్వన్నావంటే వార్త. రాస్తున్నప్పుడు నాకు నిజంగా ఏడుపొచ్చింది. నువ్వు అనాలనుకుని అనలేకపోయింది నేనే అంటున్నాననిపించింది. ఇప్పుడు రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

సవరణ వెయ్యమని అడిగాను. "నీ అక్క మాట నువ్వే అబద్ధం అంటే రేపు నీ వార్త ఎవడు నమ్ముతాడు?" అన్నారు. ఇంకోసారి అడుగుతాను. ఒకటి మాత్రం ఆలోచించు. ఊరంతా అదే అనుకుంటున్నప్పుడు అది నిజమే అయ్యుండొచ్చు కదా? భద్రయ్య నిద్రపోలేదని మనకి మాత్రం ఏం తెలుసు?

విల్‌ఫ్రెడ్


న్యూ సెటిల్‌మెంట్
16 నవంబరు 1961

తమ్ముడికి,

నన్ను ఎంక్వైరీకి పిలిచినారు. డ్రైవర్ల తరఫు వాళ్ళు నువ్వు రాసిందాన్ని ఇంగ్లీషులోకి మార్పించి ఎంక్వైరీ చేసే సాహెబుకి ఇచ్చినారంట. ఆయన బెంగాలీ పెద్దమనిషి, మెత్తగానే మాటాడినాడు. కాగితం చదివించి "దీదీ, ఈ మాట మీదేనా?" అని హిందీలో అడిగినాడు.

భద్రయ్య ఎదురుగా బెంచీ చివర కూకుని ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినాడు. నా మొహంకేసి కాదు, నా నోటికేసి చూస్తన్నాడు.

నేను తల దించుకున్నాను. అవునని అనలేదు, కాదని అనలేదు. సాహెబు "పాపం, ఆమెని ఇంకా అడగొద్దు" అని ఏటో రాసుకున్నాడు.

సవరణ వేయించొద్దు. గంగాధరరావుగారిని మళ్ళీ అడగొద్దు. ఎందుకని నన్నూ అడగొద్దు.

సూసన్న


విశాఖపట్నం
5 డిసెంబరు 1961

అక్కకి,

ఎందుకని అడగక తప్పదు. నిన్ను నేను ఎరుగుదును. నువ్వు తల దించుకునే మనిషివి కావు.

నిన్న మా ఆఫీసుకి ఒకాయన వచ్చాడు. కోదండరామయ్య అట, భద్రయ్యకి అన్న. టెక్కలి దగ్గర పల్లె. పంచె మోకాళ్ళదాకా దుమ్ము. మా పత్రిక మడతలు పడి చిరిగిపోతుంటే అట్టముక్కకి అతికించుకుని తెచ్చాడు. గుమ్మంలో నిలబడి, "బాబూ, ఇది రాసినోరు ఎవులు? మా తమ్ముడు నిద్దరోతుంటే సూసినారేటి?" అన్నాడు. అరవలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

గంగాధరరావుగారు, "అది విలేకరి పంపిన వార్తండీ, ఖరగ్‌పూర్ నించి వచ్చింది" అన్నారు. ఆ విలేకరిని నేనే. చేతిలో కాగితం పైకెత్తి పట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాను. ఆయన నా బల్ల దగ్గరికే వచ్చి, "నువ్వు సదువుకున్నోడివి, ఆ విలేకరికి ఒక కార్డు ముక్క రాసి పెడతావా బాబూ?" అన్నాడు.

రాశాను అక్కా. ఆయన చెబుతుంటే, నాకే నేను కార్డు రాశాను. "అయ్యా, మా తమ్ముడు చిన్నప్పటినించీ కాపలా పనికి మెలకువగా ఉండేవాడు" అని. ఆయన వేలిముద్ర వేసి, నాకు దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక నావల్ల కాదు. ఆ మాట నేను అల్లానని సంతకం పెట్టి నేరుగా ఎంక్వైరీ సాహెబుకి పంపిస్తాను. నువ్వు వద్దన్నా సరే. కానీ ఎందుకు వద్దంటున్నావో చెప్పు.

విల్‌ఫ్రెడ్


న్యూ సెటిల్‌మెంట్
19 డిసెంబరు 1961

తమ్ముడా,

క్రిస్మసు పాటలకి ఎమిలీని పంపించి కూకుని రాస్తన్నాను. చదివి చించేయి.

మీ బావకి చూపు పోయినాది. ఏడాది పైనే. మొదట బైబిలు చదవడం మానేసి ఎమిలీ చేత చదివించుకునేవాడు. నాకు సరదా అనుకున్నాను. తరవాత ఒకరోజు, "సూసన్నా, పొగలో ఎరుపేదో పచ్చేదో పోల్చుకోలేకపోతన్నాను" అన్నాడు. కళ్ళ పరీక్ష కాడ గోడ మీద అక్షరాలు ముందే బట్టీ పట్టుకుని చదివేసినాడు. నేనే దగ్గర కూకుని అప్పచెప్పించుకున్నాను. కళ్ళు లేవని తేలితే ఇంజను దింపేసి ఏ గోడౌను కాడో కూకోబెడతారు. ఇంజను దిగితే ఆయన బతకడని నేను అనుకున్నాను.

ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ లూకాకి తెలుసు. సిగ్నల్ కనబడగానే లూకా గట్టిగా పిలిచి చెప్పేవాడు, ఆయన బండి నడిపేవాడు. ఆ రోజు లూకాకి జ్వరం. కొత్త కుర్రాడిని వేసినారు. మీ బావ బూట్లు తొడుక్కుంటా, "లూకా లేడు, ఒంట్లో బాగోలేదని సిక్ పెట్టేయనా?" అని అడిగినాడు. నేనే, "మళ్ళీ సిక్ అంటే డాక్టరు కాడికి పంపిస్తారు, కళ్ళు చూస్తారు. ఒక్క రోజుకి ఏటవుతాది, వెళ్ళు" అన్నాను.

కొత్త కుర్రాడు బొగ్గు తోస్తా సిగ్నల్ చూడలేదంట. భద్రయ్య ఎరుపే పెట్టినాను అంటన్నాడు. భద్రయ్య చెప్పేదే నిజం తమ్ముడా. ఆ కబురు విన్న క్షణం నించీ నాకు తెలుసు. నువ్వు వచ్చినప్పుడు నేను గోడకి తిరిగి కూకున్నది ఏడవలేక కాదు. నోరు తెరిస్తే అదే వచ్చేస్తాదని.

నీ మాట చదివి నీ మీద మండిపడినాను. ఆ కోపం నిజమే. కానీ ఎంక్వైరీలో సాహెబు అడిగినప్పుడు, నువ్వు అల్లింది నాకు గొడుగులాగ కనిపించినాది. దాని కింద నిలబడినాను. రైల్వే ఆస్పత్రిలో నాకు ఆయా పని ఇస్తామంటన్నారు, తప్పు మీ బావది కాకపోతేనే. ఎమిలీకి నాన్న పేరు మిగులుతాది. బదులుగా భద్రయ్య పోతాడు. తూచి చూసుకునే తల దించుకున్నాను.

ఇప్పుడు చెప్పు, నువ్వు పెద్ద పాపివా, నేనా?

సూసన్న


విశాఖపట్నం
8 జనవరి 1962

అక్కకి,

నీ ఉత్తరం చించేశాను. చించే ముందు జరిగింది నీకు చెప్పాలి.

చదవడం అవగానే నా మనసులో మొదట వచ్చింది నువ్వు కాదు, బావ కాదు. "భర్త చూపు దాచిన భార్య" అని శీర్షిక వచ్చింది. పేపర్లో రెండు కాలమ్‌లకి సరిపోతుందా అని కూడా చూసుకున్నాను. ఆ తరవాతే ఏడ్చాను. నేనేమయ్యానో నాకు అప్పుడు తెలిసింది.

సాహెబుకి సంతకంతో ఉత్తరం పంపించాను. ఆ మాటలు మా అక్క అన్నవి కావు, ఆమె నాతో ఒక్క మాటా ఆడలేదు, అంతా నా కల్పన అని. బావ కళ్ళ సంగతి రాయలేదు. అది నాది కాదు. చెప్పమని నిన్ను అనను, వద్దని అనే ముఖం నాకు లేదు.

గంగాధరరావుగారికీ ఆ ఉత్తరం నకలే ఇచ్చాను, పత్రికలో వెయ్యమని. ఆయన చాలాసేపు చదివారు. కోప్పడతారనుకున్నాను. "రోజూ ఎంతమంది నోళ్ళలో ఎన్ని మాటలు పెట్టామో విల్‌ఫ్రెడ్, ఒకటి లాగితే అన్నీ రాలతాయి" అన్నారు. రేపటి నుంచి రావొద్దన్నారు. నా స్నేహితుడొకడు నాలుగో పేజీలో, సినిమా ప్రకటన కింద, "ఖరగ్‌పూర్ ప్రమాద వార్తలో కొన్ని మాటలు పొరపాటున పడ్డాయి" అని వేయించగలిగాడు. పొరపాటున అట. కోదండరామయ్యకి ఆ పేజీ పంపించాను, విలేకరిని నేనేనని కింద రాశాను. జవాబు రాలేదు.

మిషను బళ్ళో పని అడుగుతున్నాను. నా గురించి బెంగ పెట్టుకోకు.

విల్‌ఫ్రెడ్


ఝపటాపూర్, ఖరగ్‌పూర్
4 మార్చి 1962

తమ్ముడు విల్‌ఫ్రెడ్‌కి,

పైన ఊరి పేరు చూసే ఉంటావు. క్వార్టరు ఖాళీ చేసినాము. ఇక్కడ ఒక గది, వెనక బావి. ఎమిలీ నడిచి బడికి పోతన్నాది.

నీ ఉత్తరం అందినాక సాహెబు నన్ను మళ్ళీ పిలిచినాడు. అక్కడికి వెళ్ళే ముందు జోగమ్మ ఇంటికి వెళ్ళినాను. మంచాలు కట్టి పెట్టుకున్నారు, ఊరెళ్ళిపోడానికి. గుమ్మంలోనే అన్నీ చెప్పినాను, కళ్ళ సంగతి, ఆ రోజు ఆయన్ని డ్యూటీకి నేనే పంపించిన సంగతి, నా తమ్ముడు అల్లిన సంగతి. జోగమ్మ తాడు పట్టుకుని అలాగే వింది.

"ఇంతకాలం తెలిసే మమ్మల్ని సూస్తా ఊరుకున్నావా అప్పా?" అన్నాది.

"అవును."

"నిన్ను తిట్టడానికి కూడా నాకు నోరు రావట్లేదు. ఎల్లు. ఎల్లి అక్కడ సెప్పు" అన్నాది.

ఎంక్వైరీలో చెప్పినాను. లూకాని కూడా బతిమాలి తీసుకెళ్ళినాను. వాడూ ఒప్పుకున్నాడు, వాడి ఉద్యోగం మీదికి వచ్చినాది. అది కూడా నా లెక్కలోనే రాసుకున్నాను. ఈసారి సాహెబు నా మొహం చూడకుండా రాసుకున్నాడు. ఆయా పని ఇంకెవరికో ఇచ్చినారు. చర్చిలో ఆడవాళ్ళు నా పక్కన ఖాళీ వదిలి కూకుంటన్నారు, చచ్చిన మొగుడి పేరు చెరిపినానని. ఎమిలీ రెండు రోజులు నాతో మాటాడలేదు. మూడో రోజు, "నాన్నకి బైబిలు చదివి పెట్టినప్పుడు కళ్ళ సంగతి నాకు కూడా తెలీదమ్మా" అని నా ఒళ్ళో తల పెట్టినాది. పసిదానికి కూడా పాపం అంటించినాము.

భద్రయ్యకి ఉద్యోగం తిరిగి ఇచ్చినారు. మొన్న డ్యూటీకి పోతా ఈ గది కాడికి వచ్చినాడు. సైకిలు గోడకి ఆనించి బయటే నిలబడినాడు. కూకోమంటే కూకోలేదు. బాగా చిక్కిపోయినాడు. వచ్చి తిడతాడనుకున్నాను. మొక్కుతాడేమో అని ఇంకా భయమేసింది. రెండూ కాదు.

"సూసన్నమ్మా, ఒక మాట అడగాల" అన్నాడు. "ఆ పేపర్లో పడ్డాది సదివించుకున్నాను. మా ఈదిలో పిల్లలు కూడా అదే పాడేవోరు. మొదట్ల నాకు కోపమొచ్చినాది. తరవాత తరవాత ఏటయిందో. అచ్చులో పడ్డాది గదా, సూసన్నమ్మ అన్నాది గదా, అంత మంచి మనిషి ఊరికే అంటాదేటి అనుకున్నాను. నాకే తెలీకుండా కునుకు పట్టిందేమో అనుకున్నాను. ఆవేళ ఏటేటి జరిగిందో రోజూ గుర్తు సేసుకుంటాను. లివరు పట్టుకున్నది గుర్తున్నాది. ఆ తరవాత మసక మసగ్గా ఉంటన్నాది. ఇప్పుడు అందరూ తప్పు నీది కాదంటన్నారు, నాకు నమ్మకం సాలట్లేదు. నువ్వు సెప్పమ్మా. నాను నిద్దరోనేదు గదా?"

తమ్ముడా, నువ్వు రాసిన మాట ఆ మనిషి లోపలికి పోయి కూకున్నాది. ఎంక్వైరీ కాగితాలు దాన్ని బయటికి లాగలేకపోయినాయి.

నేను ఆ కేబిన్‌లో లేను. నాకు ఏటి తెలుసు? అయినా ఆయన కళ్ళల్లోకి చూసి, "నేదు భద్రయ్యా. నువ్వు మెలకువగానే ఉన్నావు. ఎరుపే పెట్టినావు" అన్నాను.

సైకిలు తీసినాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి మళ్ళీ అదే అడిగినాడు.

మళ్ళీ చెప్పినాను.

నీ అక్క,
సూసన్న